ఒక్క బటన్ డబ్బాలు ఇంక అమ్మను

కడప ఏడు రోడ్ల కాడ మన అంగడికి వచ్చే అందరికీ నమస్కారం.

రెండు నెలల కింద పాటల డబ్బాలు కొత్త రకం తెచ్చినాను. తెల్లగా సబ్బుబిళ్ల మాదిరి ఉంటాయి, మీద ఒకటే బటన్. మీలో 22 మంది కొన్నారు. అందులో 9 ఇప్పటికే వెనక్కి వచ్చినాయి. తెచ్చినోళ్లు ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. "మాకే చేతకాలేదులే నాయనా" అని తప్పు తమ మీదే వేసుకున్నారు. తిట్టి ఉంటే బాగుండేది. తప్పు మీది కాదు, డబ్బాది. వాడి చూడకుండా 60 ముక్కలు తెచ్చిన నాది.

పాత డబ్బా చూడని వాళ్ల కోసం ఒక మాట. దాని మూతి మీద 0 నుంచి 9 దాకా అంకెలుంటాయి, పైన ఎర్రగా నంబరు వెలుగుతుంది. దాంతోపాటు నేనొక అట్ట ఇస్తాను. పాట పేరు, పక్కన నంబరు, నా చేతిరాత, పైన ప్లాస్టిక్ కవరు. డబ్బా లోపలి బోర్డు పాటల్ని పేరు వరుసన చదవదు, మెమరీ కార్డులోకి ఎక్కిన వరుసన చదువుతుంది. అందుకని అన్నీ ఒకేసారి లాగి పడేయకుండా ఒక్కొక్కటే ఎక్కిస్తా. ఒక కార్డుకు ఒక పూట పోతుంది. బ్రహ్మంగారి తత్వాలు చాలా మటుకు మఠంలో వైశాఖ శుద్ధ దశమి ఆరాధనకు వచ్చిన భజన గుంపుల పక్కన కూచుని, వాళ్లనడిగి రికార్డు చేసుకున్నవి. ఇంకో అంగట్లో దొరకవు. (ఈ ముక్క గొప్పకే చెప్పినాను.)

ఇప్పుడు కొత్తదాని కథ. ఒకసారి నొక్కితే ఆగుతుంది. గబగబా రెండుసార్లు నొక్కితే తరువాతి పాట. మూడుసార్లకు ముందరి పాట. కాసేపు అదిమి పట్టుకుంటే సౌండు పెరుగుతుంది, ఇంకాసేపు పట్టుకుంటే ఆఫ్. సౌండు తగ్గించేది ఎట్లని నన్నడగొద్దు, నాకే మూడు రోజులు పట్టింది. ఆఫ్ చేసి మళ్లీ వేస్తే ఒకటో పాట కాడికి పోతుంది, యాడ ఆపినామో దానికి గుర్తుండదు.

మైదుకూరు దిక్కు నుంచి ఒక అవ్వ వచ్చింది, డబ్బాను తువ్వాల్లో చుట్టుకుని. ఆమెకు రోజూ తెల్లారి 84వ నంబరు తత్వం వినాల. పాత డబ్బాలో 8, 4, అయిపోయింది. అది కిందపడి పగిలిపోతే నేనే ఈ కొత్తది అంటగట్టినాను, "దీనికి ఒకటే బటన్ అవ్వా, సులభం" అని. ఆమె నా ముందరే స్టూలు మీద కూచుని నొక్కింది. ఒకటి నుంచి 84కు పోవాలంటే 83 పాటలు దాటాల, పాటకు రెండు నొక్కుడ్లు, మొత్తం 166. ఆమె వేలు వణుకుతుంది. రెండో నొక్కుడు కొంచెం ఆలస్యమైతే డబ్బా దాన్ని ఒకటి కింద లెక్కేసి ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే పాట మొదలు. పన్నెండో పాట కాడ ఆమె చెయ్యి విదిలించుకుని, "ఇదేందబ్బా, తలుపు కొట్టినట్లు కొడతాండాను, ఎవరూ పలకరు" అనింది. అంగట్లో నలుగురు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు.

చెన్నైలో హోల్‌సేల్ ఆయనకు ఫోన్ చేసినాను. పదకొండేళ్ల యాపారం మాది, సరుకు వాపసు అంటే ఎన్నడూ కాదనలేదు. ఈసారి, "ఇప్పుడంతా సింపుల్‌గా ఉండాల సార్, దీనికి యాప్ ఉంది, ఫోన్లో పాట ఏరుకోవచ్చు" అన్నాడు. ఫోన్ ఉన్నోళ్లు ఫోన్లోనే వింటారు కదయ్యా, డబ్బా ఎందుకు కొంటారు అంటే, ఆయనన్న మాట ఇది: "మీ కడపోళ్లకు వాడేది తెలియకపోతే నేనేం చేసేది?" దానికి నేను బదులు చెప్పలేదు. చెప్పను. వాపసు తీసుకోమని ఇంక అడగను కూడా.

వాడేది తెలియదంట! టేపురికార్డరు కాలం నుంచి ఇదే గల్లీలో కూచున్నోన్ని. దానికి ప్లే నొక్కితే బటన్ కిందికి దిగి అట్లే నిలబడేది, కరెంటు పోయిన చీకట్లో కూడా వేలితో తడిమి ఏది నొక్కి ఉందో చెప్పేవాళ్లం. 2001లో ఆపిల్ కంపెనీ జేబు పాటల డబ్బా ఐపాడ్ వచ్చినప్పుడు దానికీ బటన్లు తక్కువే, కానీ నడుమ చక్రం తిప్పితే వెయ్యి పాటల్లో కావాల్సిన దాని మీదికి పోవచ్చు. అదే ఆపిల్ 2009లో ఐపాడ్ షఫుల్ అనే చిన్న రకం ఒంటి మీద పాట మార్చే బటన్లు పీకేసి ఇయర్‌ఫోన్ తీగ మీద పెట్టింది. మరుసటేడు, 2010లో, మళ్లీ ఒంటి మీదికే తెచ్చింది. అక్కడోళ్లు కూడా కడపోళ్లేనేమో మరి.

నిద్ర పట్టనియ్యనిది మిగిలిన సరుకు. 38 ముక్కలు, కొన్న ధర 900 లెక్కన 34,200 రూపాయలు. మావాడు, "నొక్కుడ్ల లెక్క స్టిక్కరు రాసి అతికించి, 200 తగ్గించి అమ్మేద్దాం నాయనా" అన్నాడు. ఆ రాత్రి కూచుని రాసినాను కూడా. అన్నీ రాసేసరికి స్టిక్కరు డబ్బా కంటే పెద్దదైంది. చించేసినాను. మళ్లీ తెల్లారి, పోనీ వయసు పిల్లోళ్లకన్నా అమ్ముదామా అనుకున్నాను. ప్రొద్దుటూరులో గుంట మగ్గం నేసే కుర్రోడు గుర్తొచ్చినాడు. పాతికేళ్లుండవు వానికి, కళ్లు చేతులు బాగున్నాయి. కానీ ఒక చేతిలో లాగుడు తాడు, ఇంకో చెయ్యి పలక మీద, కాళ్లు తొక్కుడు చెక్కల మీద. నడుమ ఒక్క క్షణం దొరికితే ఒక్క అంకె నొక్కుతాడు. వాడు రెండు, మూడు లెక్కపెట్టుకుంటా కూచోవాలనా? ఇంట్లో ఆమె, "నీ పంతానికి ముప్పై నాలుగు వేలు" అని ఇప్పటికీ అంటాంది. నిజమే, సగం పంతమే. 38 అటకెక్కినాయి.

మీ దగ్గర ఇంకా 13 ఉన్నాయి. బిల్లు లేకపోయినా తీసుకురండి, గీతలు పడినా సరే. డబ్బులు కావాలంటే మొత్తం 1,250 ఇచ్చేస్తా. అంకెల డబ్బా కావాలంటే వచ్చే నెల మొదటి వారంలో 25 ముక్కలు వస్తాండాయి, బెంగళూరులో వేరే పార్టీ దగ్గర నుంచి. ఈసారి ఒకటి ముందే తెప్పించుకుని వారం రోజులు ఇంట్లో వాడి చూసినాను. ఆపిన పాట కాడి నుంచే మొదలవుతుంది. ధర 1,400, మార్చుకునే వాళ్ల కాడ పై 150 తీసుకోను. రంగు మాత్రం బెండకాయ పచ్చ, దానికి నేనేం చేయలేను.

పాత అట్టలు పారేయొద్దు. అవే నంబర్లు, అదే వరుస, 84 అంటే 84వ తత్వమే. అవ్వ డబ్బా మటుకు ఆగలేదు. పాత సామాన్లలో పగిలిన అంకెల డబ్బా ఒకటి దొరికితే దాని బోర్డు ఊడదీసి, ఇంకో డొప్పలో పెట్టి, తీగలు అతికించి ఇచ్చినాను. 7 నొక్కితే కాస్త గట్టిగా నొక్కాల. ఆమెకు 7తో పని లేదంట.