నువ్వు చెప్పకుండా వదిలేసిన పేరు

చిరంజీవి అమ్ములుకి,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీళ్లు తగ్గాయి. వాకిట్లో బురద ఇంకా ఆరలేదు, మీ నాయనమ్మ మాత్రం దాని మీదే ముగ్గు వేస్తానంటోంది.

ఫోన్లో మాట్లాడితే నువ్వు వాదిస్తావు, నేను గొంతు పెంచుతాను, మధ్యలో మీ అమ్మ ఫోన్ లాక్కుంటుంది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఆదివారం నువ్వు చెప్పిన మాట నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. బుడమేరు వరద మీద మీ కాలేజీలో సభ పెడితే నువ్వు మాట్లాడావట. బెజవాడ సింగ్ నగర్‌లో నడుం లోతు నీళ్లలో మీరు పులిహోర పొట్లాలు పంచిన సంగతి చెప్పి, కొల్లేరు సరస్సుని మింగేసిన ఆక్రమణదారుల్ని కడిగేశావట. అందరూ చప్పట్లు కొట్టారన్నావు. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, “మన సంగతి చెప్పలేదులే నాన్నా” అన్నావు.

నన్ను కాపాడానని అనుకున్నావు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

ముందు నీ ఉపన్యాసంలో ఒక తప్పు దిద్దుకో. సింగ్ నగర్ మునిగింది కొల్లేట్లో ఉన్న మన చేపల చెరువు వల్ల కాదు. సెప్టెంబరు ఒకటో తేదీకి ముందు కురిసిన కుండపోత వానకి, పైన బుడమేరు గట్లకి గండ్లు పడి ఆ నీళ్లు బెజవాడ మీద పడ్డాయి. లేని నేరం నెత్తిన వేసుకోవడం కూడా ఒక రకం గొప్పే, అది వద్దు. కానీ ఆ నీళ్లు మీ దగ్గర నుంచి దిగి ఎక్కడికొచ్చాయి? మన దగ్గరికే. బుడమేరు కలిసేది కొల్లేట్లోనే కదా. ఇక్కడికొచ్చాక కదలక, మెదలక నిలబడిపోయాయి. ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికెక్కాయి, రాకపోకలు ఆగిపోయాయి, కొన్ని లంకలకి పడవలే దిక్కయ్యాయి. అందులో నా వాటా ఉంది. ఎంత అంటే, ఆరు ఎకరాలు.

కొల్లేరంటే పెద్ద పళ్లెం అనుకో. వానాకాలం బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోసిన నీళ్లు అందులో వెడల్పుగా పరుచుకుని, తీరిగ్గా ఉప్పుటేరు పట్టుకుని, దాదాపు 60 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలవాలి. మనం ఆ పళ్లెంలో చెరువు గట్లనే గిన్నెలు బోర్లించాం. ఒక్కో గట్టు మనిషెత్తు, పైన ట్రాక్టరు పోయేంత వెడల్పు. గిన్నెలు ఆక్రమించిన చోట నిలవాల్సిన నీళ్లు పక్క ఊరి మీదికి పోతాయి. వరదప్పుడు అదీ గతి. వేసవిలో ఇంకోటి. సరస్సులో నిల్వ తగ్గేసరికి ఉప్పుటేరు గుండా సముద్రం నీళ్లు ఎదురెక్కుతాయి. మీ తాతయ్య చిన్నప్పుడు దోనె మీద పోతూ, చేత్తో నాచు పక్కకి తోసి, దోసిలితో కొల్లేటి నీళ్లు తాగేవాడు. మన వీధిలో ఇప్పుడు రోజూ పొద్దున ఆటోలో నీళ్ల టిన్నులు దిగుతున్నాయి. పప్పు ఉడకడానికీ టిన్ను నీళ్లే. చుట్టూ సరస్సు పెట్టుకుని ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కునే ఊరు మనది. ఇది నవ్వుకోడానికి రాయడం లేదు, అయినా రాస్తుంటే నవ్వొస్తోంది.

ఇదంతా నాతో మొదలవలేదు, నిజమే. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది. బీద జనం బాగుపడతారన్నారు, కొంతమంది బాగుపడ్డారు కూడా. తర్వాత డబ్బున్నవాళ్లు దిగారు. మనకున్నది తాతల నాటి దాళ్వా పొలం, అంటే రెండో పంట వరి. నీళ్లు తీశాక నాట్లు ఊడ్చేవాళ్లం, పండితే పండినట్టు. 1994లో పక్కవాళ్ల బొచ్చె, శీలావతి చేపలు ఐసు పెట్టెల్లో హౌరా లారీ ఎక్కుతుంటే చూసి నేనూ పొక్లెయిన్ పిలిచాను. మీ తాతయ్య గట్టు మీద కూర్చుని, “నీళ్లకి దారి ఎటురా?” అని ఒక్కటే అడిగాడు. “అందరూ తవ్వుతున్నారు నాన్నా” అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. తుండుగుడ్డ దులుపుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు నేను ‘అందరూ’ అన్న ఆ ఒక్క మాట మీదే బతికాను. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అని ప్రకటించారు. అందరికీ వచ్చిన ఆపదేగా అనుకున్నాను. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరిస్తే అదేదో పక్షులవాళ్ల గొడవ అనుకున్నాను. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేశారు. నీకప్పటికి ఏడాది నిండలేదు. దూరంగా గట్లు పేలుతుంటే ఉయ్యాల్లో ఉలిక్కిపడేదానివి, మీ అమ్మ చెవుల్లో దూది పెట్టింది. మన గట్టుకి రెండు చోట్ల గండి కొట్టారు. నేను ఏడ్చాను. కాంటూరు మూడుకి కుదించాలని ఊరేగింపులో జెండా కూడా పట్టుకున్నాను. రెండేళ్ల తర్వాత ఒక రాత్రి ఆ రెండు గండ్లూ నేనే పూడ్పించాను.

ఆ సంగతి నీకు తెలియదు. ఆ మట్టి ట్రాక్టర్లకి నీ పుట్టినరోజుకని దాచిన డబ్బులు కట్టాను.

తర్వాత చెరువు చెయ్యలేక కౌలుకిచ్చాను. అదింకా సుఖం. మేత కట్టక్కర్లేదు, చేపల పట్టుబడి రోజు జాగారం అక్కర్లేదు, పాపం కూడా కౌలుదారుదే అన్నట్టుండేది. దాళ్వా మీద నాలుగేళ్లకి వచ్చేది ఏడాదిలో వచ్చేది. నీ హాస్టలు, నీ ల్యాప్‌టాప్, ఆ సభకి నువ్వు వేసుకెళ్లిన పట్టు లంగాఓణీ, అన్నీ అందులోంచే. నిన్ను దెప్పడానికి కాదు తల్లీ. లెక్క రాస్తే పూర్తిగా రాయాలి కదా.

వరదకి ముందు, ఆగస్టులో ఒకటి జరిగింది. కొంగలు చేపలు తినకుండా కౌలుదారు చెరువు మీద నైలాన్ దారాలు కట్టించాడు. అందరూ కడతారు, నేనూ కట్టేవాణ్ణి. తెల్లవారుజామున గట్టు మీదికి వెళ్తే ఒక గూడబాతు రెక్క దారంలో ఇరుక్కుని వేలాడుతోంది. ఆటపాకలో నీ చిన్నప్పుడు పడవెక్కించి చూపించానే, ఆ జాతే. దగ్గరికి పోతే ముక్కుతో పొడవబోయింది. తువ్వాలు కప్పి పట్టుకున్నాను. ఇంత పెద్ద పక్షి, బరువే లేదు. లోపల గుండె మాత్రం మోటారులా కొట్టుకుంటోంది. దారం ఈకల కింద చర్మంలోకి దిగిపోయింది. నోటితో కొరికి తెంపాను. వదిలితే ఎగరలేదు. నీళ్ల మీద కాసేపు తేలి, మధ్యాహ్నానికి గట్టు వారగా తల వాల్చేసింది.

ఎవరు కట్టిన దారం అని అడిగితే కౌలుదారు పేరు చెప్పొచ్చు. చెరువెవరిది అంటే నాదే కదా.

నువ్వు నీ పేరూ చేర్చుకో. మీ హాస్టల్ స్నానాల గది నీళ్లు మురిక్కాలువల్లో పడి బుడమేరులో కలిసి మన గుమ్మం ముందుకే వస్తాయి. సబ్బు నురగ దగ్గర్నుంచి షాంపూ ప్యాకెట్ల దాకా ఇక్కడ గుర్రపుడెక్కలో చిక్కుకుని కనిపిస్తాయి. ఒకవేళ నీదే కావచ్చేమోనని మొన్న ఒకటి చూసి నవ్వుకున్నాను. నీ ప్యాకెట్టు, నా గట్టు సమానం అనడం లేదు. నాది చాలా పెద్దది. కానీ నాకు మీ తాతయ్య ప్రశ్న అర్థం కావడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది, నీకంత పట్టకూడదని.

కౌలు వచ్చే ఉగాదితో అయిపోతుంది. ఈసారి రాయనని చెప్పేశాను. ఇచ్చిన అడ్వాన్సు తిప్పి పంపాను. పక్కవాళ్లు నవ్వారు. “నీ ఆరు ఎకరాలు తీస్తే కొల్లేరు నిండుతుందా?” అన్నారు. నిండదు. ఆ మాట నాకూ తెలుసు. ఉగాది తర్వాత చెరువు దింపేసి గట్టు తీయిస్తాను, ముందు ఆ పాత రెండు గండ్ల దగ్గరే. నీళ్లు తీసిన ఏడు దాళ్వా వేస్తాం, తీయని ఏడు వల వేసుకుంటాం.

దీనివల్ల ఇబ్బంది నీకే ఎక్కువ. ఈ ఏడాది ఫీజు కట్టేశాను. వచ్చే ఏడాదిది సగమే సర్దగలను. స్కాలర్‌షిప్ సంగతి ఆఫీసులో ఇప్పట్నుంచే కనుక్కో. బస్సులో కైకలూరు దాకా వస్తే నేను బండి మీద వచ్చి తీసుకెళతాను, కారు పెట్టుకోకు.

దీపావళికి తప్పకుండా రా. అడ్వాన్సు తిప్పి పంపిన సంగతి మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. నువ్వు పక్కనుంటే చెబుదామని ఆగాను.

మీ నాన్న