సెన్సార్ వైరుకు క్లాంప్ పరీక్ష నెల్లూరులోనో ఒంగోలులోనో జరగాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలకు ఏరేటర్ ప్యానెళ్లు, అంటే నీళ్లలో ఆక్సిజన్ చూసి, గాలి కలిపే ఏరేటర్లను నడిపి ఆపే కంట్రోల్ పెట్టెలు, చేసి బిగిస్తుంటాను. పోయిన పంటలో ఒక రైతు గుంటలో ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాములకు పడిపోతే మా ప్యానెల్ 5.5 చూపించింది, ఆ లెక్కతో ఏరేటర్లు ఆగిపోయాయి, తెల్లారుజామున ఆయన టార్చి వేసి చూసేసరికి రొయ్యలు పైకి తేలి తిరుగుతున్నాయి. వెంటనే ఏరేటర్లు తిప్పబట్టి పంట దక్కింది గానీ ఆ టెన్షన్ నేను మరిచిపోలేను.

సెన్సార్ బాగానే ఉంది. పక్క గుంట మోటారు డ్రైవ్ (మోటారు వేగం మార్చే పెట్టె) ఆన్ చేస్తే రీడింగ్ ఎక్కుతోంది, ఆపితే దిగుతోంది. గుంట నుంచి షెడ్డు దాకా ఉన్న 50 మీటర్ల వైరు ఏరియల్ లాగా ఆ డ్రైవ్ నుంచి వచ్చే విద్యుత్ నాయిస్ అంతా లోపలికి మోసుకొస్తోంది. వైరును ఫెరైట్ రింగుకు (అలాంటి నాయిస్‌ను అడ్డుకునే అయస్కాంత పదార్థపు రింగు) నాలుగు చుట్లు చుట్టాక రీడింగ్ నిలబడింది.

ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) వారి 61000-4-6 పరీక్ష అచ్చంగా డ్రైవ్‌ల కోసం పెట్టింది కాదు, రేడియో ట్రాన్స్‌మిటర్ల కోసం పెట్టింది, అయినా ఈ బలహీనత అందులో దొరికేది. 150 కిలోహెర్ట్జ్ నుంచి 80 మెగాహెర్ట్జ్ దాకా సిగ్నల్‌ను వైర్ల మీదికే ఎక్కిస్తారు. సీడీఎన్ అనే, సిగ్నల్‌ను వైరులోకి కలిపే పెట్టెతో ఎక్కించాలంటే వైరును మధ్యలో తెంపి కలపాలి, మా సెన్సార్ వైరేమో సీలు చేసి వస్తుంది, కోస్తే నీళ్లు దిగుతాయి. ఈఎం క్లాంప్ (వైరును కోయకుండా బయటి నుంచే సిగ్నల్ ఎక్కించే బిగింపు) అయితే తెరిచి, వైరు పడుకోబెట్టి, మూసేస్తే చాలు. కరెంట్ క్లాంప్ ఇంకా చిన్నది, కాకపోతే దానికి సిగ్నల్ బలం పెంచే పెద్ద ఆంప్లిఫయర్ కావాలి, అవతలి వైపు పరీక్షకు కావలసిన 150 ఓమ్‌ల ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు అడ్డు) కుదరకపోతే విడిగా కరెంటు కొలిచే ప్రోబ్ పెట్టి చూసుకుంటూ 10 వోల్టుల పరీక్ష స్థాయికి సుమారు 67 మిల్లీ ఆంపియర్లు దాటకుండా చూడాలి, లేకపోతే మంచి ప్యానెల్ కూడా ఫెయిలవుతుంది.

ఫ్రీక్వెన్సీని ఒక్కో శాతం పెంచుకుంటూ పోతే సుమారు 630 మెట్లు వస్తాయి. ఆక్సిజన్ రీడింగ్ నిదానంగా కదిలేది కాబట్టి మెట్టుకు 10 సెకన్లు ఆగినా ఒక్క వైరుకే గంటా ముప్పావు. ఇప్పుడు దీనికోసం చెన్నై పోతున్నాం, తరమణిలోని సమీర్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఈ సౌకర్యం ఉంది, కానీ ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఫెయిలైతే ప్యానెల్ ఇంటికి తెచ్చి సరిచేసుకుని మళ్లీ అంత దూరం మోసుకుపోవాలి. నాలాంటి చిన్నవాళ్లలో ఎంతమందికి కుదురుతుంది? ఈ పరీక్షకు గాల్లో తరంగాలు వదిలే పెద్ద చాంబర్ అక్కర్లేదు. షీల్డ్ గది, కింద లోహపు రేకు, ప్యానెల్ పెట్టడానికి 10 సెంటీమీటర్ల ఎత్తు దిమ్మె, జనరేటర్, ఆంప్లిఫయర్, క్లాంప్ ఉంటే మొదలుపెట్టొచ్చు. నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో పెడితే రెండు జిల్లాల ఆక్వా రైతులకూ, పిల్లల చదువుకూ పనికొస్తుంది, అధికారులు దయచేసి ఆలోచించాలి.

రైతులకు ఒక మాట. ప్యానెల్ కొనేటప్పుడు టెస్ట్ రిపోర్టు అడగండి, అందులో ఏ ఏ వైర్ల మీద సిగ్నల్ ఎక్కించారో చూడండి. కరెంటు వైరు ఒక్కటే రాసి ఉంటే, సెన్సార్ వైరుకు కూడా చేయించి తెమ్మనండి. నన్నైనా సరే.

– ఒక ప్యానెల్ తయారీదారు, నెల్లూరు జిల్లా