రంగూన్‌లో మిగిలిపోయినవాళ్లు ఏ దేశస్థులు?

కేంద్ర హోం మంత్రి గారికి,

నమస్కారం. 1937 ఏప్రిల్ 1న బ్రిటిషువాళ్లు బర్మాను ఇండియా నుంచి విడదీశారు. అంతకుముందు ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి రంగం (రంగూన్‌ని మావైపు పెద్దవాళ్లు అలాగే అంటారు) వెళ్లినవాళ్లు దేశం దాటినట్టే కాదు. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1948లో బర్మాకు స్వాతంత్య్రం వచ్చింది. 1962లో సైన్యం గద్దెనెక్కి, ఆ తర్వాత దుకాణాలు జాతీయం చేయడంతో చాలామంది ఓడలెక్కి వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు ఉన్నది అందుకే. ఈ లేఖ మాత్రం రాలేకపోయినవాళ్ల గురించి.

బర్మా 1982 చట్టం ప్రకారం పుట్టుకతో పౌరులు కావాలంటే 1823 నాటికే అక్కడ స్థిరపడిన జాతి అయి ఉండాలి. బ్రిటిషువాళ్లతో మొదటి యుద్ధం 1824లో. అంటే ఆ గీత ఎవరిని బయట పెట్టడానికి గీశారో చెప్పక్కర్లేదు. కాగితాలు సరిగ్గా ఉన్న కొందరికి రెండో తరగతి పౌరసత్వం దక్కింది. లేనివాళ్లలో కొందరు అక్కడే పుట్టి అక్కడే ముసలివాళ్లైనా విదేశీయుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టుతోనే బతుకుతున్నారు. ఏ దేశం నుంచి వచ్చిన విదేశీయులో, ఇచ్చినవాళ్లకైనా తెలుసా?

పోనీ మన చట్టం ఆదుకుంటుందా అంటే, ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ముత్తాత భారతీయుడని చూపించినా చాలు. కానీ దరఖాస్తు తెరవగానే పాస్‌పోర్టు నంబరు అడుగుతుంది. పౌరసత్వ చట్టం 7ఏ సెక్షన్ ప్రకారం ఇంకో దేశపు పౌరుడికే ఆ కార్డు. ఏ దేశమూ తనవాడు అననివాడికి లేదు! అమెరికాలో స్థిరపడ్డ మా బంధువులకు నెలల్లో వచ్చింది.

మిగిలింది అదే చట్టం 5(1)(బి) సెక్షన్ కింద, బయటి దేశాల్లో ఉన్న భారత సంతతివారు మన పౌరులుగా చేసుకునే రిజిస్ట్రేషన్. అందులో తానుగానీ, తల్లిదండ్రుల్లో ఒకరుగానీ అవిభక్త భారతదేశంలో పుట్టి ఉండాలి. తాతను లెక్కలోకి తీసుకోరు. రాజ్యాంగం 8వ అధికరణం మాత్రం విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం తాతనూ లెక్కలోకి తీసుకుంది. 1950లో రాయబార కార్యాలయానికి వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలని రేవు కూలీకి ఎవరు చెప్పారు?

అడిగేది పెద్దదేమీ కాదు. బర్మాలో ఏ పౌరసత్వమూ లేని భారత సంతతివారికి 5(1)(బి)లో తాతముత్తాతల పుట్టుకను కూడా ఒప్పుకోండి. పాస్‌పోర్టు బదులు ఆ విదేశీయుల సర్టిఫికెట్టునే గుర్తింపుగా తీసుకోమని రంగూన్‌లోని మన రాయబార కార్యాలయానికి చెప్పించండి. ఊళ్లో పాత భూమి రికార్డులు, జనన రిజిస్టర్లు వెతికిపెట్టే పని మా జిల్లా కలెక్టర్లకు అప్పగించండి.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా వాసి