కువైట్ వెళ్లే ఆడవాళ్లను బొమ్మల్లో చూపండి

సంపాదకుడు గారికి,

మా రాయచోటి పక్క కువైట్‌కు మనిషిని పంపని వీధి దాదాపు ఉండదు. మగవాళ్లలో చాలామంది డ్రైవర్లుగా పోతారు, ఆడవాళ్లు ఖద్దామా వీసా మీద ఇంటిపనికి పోతారు. వాళ్ల కష్టం ఊరికి తెలిసేది ఎక్కువగా సెల్ఫీ వీడియో వల్లే. బాత్‌రూమ్ తలుపు వేసుకుని ఏడుస్తూ తీసిన వీడియో రెండు రోజులు వాట్సాప్‌లో తిరుగుతుంది. ఎంబసీ కదిలి ఆమె ఇల్లు చేరినా, ఆ ముఖం మాత్రం అందరి ఫోన్లలో ఉండిపోతుంది. మా వీధిలో అట్లా తిరిగొచ్చిన ఒకామె ఏడాది దాటినా ఏ పెళ్లికీ రావడం లేదు. అక్కడ ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడిగినవాళ్లే గాని, జీతం ఇచ్చారా అని అడిగినవాళ్లు లేరు.

అందుకే నేను చిత్రకారులు వేసే బొమ్మల గురించి రాస్తున్నాను. ముఖం చూపకుండానే బతుకును చూపించడం బొమ్మకు చేతనవుతుంది.

అమెరికాలో జే లిన్ గోమెజ్ అనే చిత్రకారిణి ఉన్నారు. మెక్సికో నుంచి వలస వచ్చిన కుటుంబం. ఆమె లాస్ ఏంజెలెస్‌లో ఒక డబ్బున్నవాళ్ల ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని చేశారు. ఖరీదైన ఇళ్ల ఫొటోలు వేసే మ్యాగజైన్ల పేజీలు తీసి, ఆ సోఫాల పక్కన, ఆ వంటగదుల్లో ఆయాలను, పనిమనుషులను పెయింట్ చేశారు. వాళ్లకు కళ్లూ ముక్కూ గీయలేదు. బ్రిటన్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1967లో వేసిన ఈతకొలను బొమ్మ చాలా పేరున్నది. ఎవరో దూకితే ఎగసిన నీళ్లు అందులో కనిపిస్తాయి. 2013లో గోమెజ్ అదే కొలనును మళ్లీ వేశారు. ఈసారి నీళ్లు ఎగరలేదు, కొలను శుభ్రం చేసే మనిషి, అద్దాలు తుడిచే ఆడమనిషి కనిపిస్తారు.

మనకూ గొప్ప చిత్రకారులున్నారు. తోట వైకుంఠం గారి తెలంగాణ ఆడవాళ్లు పెద్ద బొట్టుతో, నగలతో ఎంత నిండుగా ఉంటారో! అట్లాంటి మనిషే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కూర్చుని ఏజెంటు నేర్పిన జవాబులు బట్టీపడుతుంటే ఎట్లా ఉంటుంది? ఆ బొమ్మ నేనింతవరకూ చూడలేదు. పదో తరగతి పాస్ కాని ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ పోవాలంటే 30 ఏళ్లు నిండాలన్నది మన ప్రభుత్వ నిబంధన. దాన్ని తప్పించడానికి విజిట్ వీసా మీద పంపేవాళ్లున్నారు. ఇంకో బొమ్మ నా కళ్ల ముందే ఉంటుంది: ఇక్కడ అమ్మమ్మ బిడ్డ నోటికి ముద్ద అందిస్తుంటే, ఫోన్‌లోంచి తల్లి "ఆ... అను" అంటూ తానూ నోరు తెరుస్తుంది.

కడపలోనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. అక్కడి విద్యార్థులు మా ఊళ్లకు వచ్చి, తిరిగొచ్చిన ఆడవాళ్లతో నాలుగు రోజులు కూర్చోవాలి. మాట్లాడిన రోజుకు వాళ్లకు కూలి ఇప్పించాలి. ఆ బొమ్మల్ని బస్టాండ్లలో, పాస్‌పోర్టు ఆఫీసుల్లో, అంటే పోయేవాళ్లు చూసే చోట పెట్టాలి. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని, పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదని కువైట్ 2015లోనే చట్టం చేసింది. ఆ మాట బొమ్మ కింద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి.

మా వీధిలో ఆమెను నేను అడిగాను. ముఖం వేయకపోతే అంతా చెబుతానంది.

ఒక పాఠకురాలు, రాయచోటి