సీటొచ్చింది, బదులు మనిషి రాలేదు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

ఉద్దానం డయాలసిస్ యూనిట్లలో పనిచేస్తున్న స్టాఫ్ నర్సులం నమస్కారాలతో రాసుకుంటున్న లేఖ.

మా పై చదువుల సంగతి మీ శాఖకి కొత్త కాదు. ప్రభుత్వం ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం స్పందన పేరుతో ఉన్న రోజుల్లో అర్జీ పెట్టాం. దాని పేరు పీజీఆర్ఎస్ అయ్యాక అందులోనూ పెట్టాం. పేరు మారింది గానీ "పరిశీలనలో ఉన్నది" అనే జవాబు మారలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాం.

అయ్యా, స్టడీ లీవు కొత్తగా సృష్టించమని మేం అడగడం లేదు. అది రూల్సులో ఉంది. పోస్ట్ బేసిక్ బీఎస్సీకీ (డిప్లొమా నర్సులు తర్వాత చేసే డిగ్రీ), ఎమ్మెస్సీకీ సర్వీసులో ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు. యూనివర్సిటీ నోటిఫికేషన్ ఇస్తుంది, మేం ఫీజు కడతాం, నో అబ్జెక్షన్ కోసం త్రూ ప్రాపర్ ఛానెల్ ఫైలు పెడతాం. ఆ ఛానెల్లో ఎవరూ కాదనరు. "చదువుకోండమ్మా, మంచిదే" అనే అంటారు. కౌన్సెలింగ్‌లో సీటొస్తుంది. చేరడానికి గడువు రోజుల్లో ఉంటుంది. సరిగ్గా అప్పుడు ఉత్తర్వు చేతికొస్తుంది: "ప్రత్యామ్నాయ ఏర్పాటు చేసుకున్న పిమ్మట రిలీవ్ చేయవలెను."

ఆ ఏర్పాటు ఎవరు చేయాలో కాగితంలో ఉండదు. ఆస్పత్రి సూపరింటెండెంట్‌కి మనిషిని తీసుకునే అధికారం లేదు. పై ఆఫీసుకి వెళ్తే పోస్టు ఖాళీ లేదంటారు. అదీ నిజమే. స్టడీ లీవులో వెళ్లే నర్సుకి ఆ పోస్టు మీద లీన్, అంటే తిరిగొచ్చి చేరే హక్కు, ఉంటుంది, రికార్డు ప్రకారం అది నిండిన పోస్టు. నిండిన పోస్టులో ఇంకొకరిని వేయరు. పోనీ ఔట్‌సోర్సింగ్‌లో తీసుకుందామంటే మంజూరైన సంఖ్య దాటి జీతం బిల్లు పాసవదు. చేరాల్సిన ఆఖరి తేదీ వెళ్లిపోతుంది, సీటు ఇంకొకరికి పోతుంది. విచారణ వేస్తే ఎవరి తప్పూ తేలదు సార్. అందరూ రూలు ప్రకారమే నడుచుకున్నారు.

దీనికి మందు కూడా కొత్తగా కనిపెట్టక్కర్లేదు. వార్డుకి ఎంతమంది నర్సులు కావాలో లెక్కకట్టాక, సెలవుల కోసం ఇంకో 30 శాతం కలపాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. లీవ్ రిజర్వ్ అంటారు దాన్ని. అది ఉంటే 10 మంది నర్సుల వార్డుకి 13 మంది ఉంటారు, ఒకరు చదువుకి వెళ్లినా షిఫ్టు ఆగదు. అది లేకపోబట్టే 180 రోజుల ప్రసూతి సెలవు ఎవరైనా పెట్టారంటే మిగిలినవాళ్లకి వీక్లీ ఆఫ్ ఉండదు. అలాంటి చోట రెండేళ్ల చదువుకి వెళ్తానన్న నర్సుని పక్కనున్న నర్సే అనుమానంగా చూస్తుంది. ఆమెననడానికి లేదు. ఆ నైట్ డ్యూటీలు చేయాల్సింది తనే.

ఇక రిలీవ్ అయ్యేంత అదృష్టవంతుల లెక్క చూడండి. ఫండమెంటల్ రూల్ 84 కింద సర్వీసు మొత్తానికి స్టడీ లీవు 24 నెలలు, అదీ సగం జీతం మీద. ఇక్కడ సీనియర్లలో ఎక్కువమంది జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చదివినవాళ్లు. వాళ్లు ఎమ్మెస్సీ దాకా వెళ్లాలంటే ముందు పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు, అందులో 55 శాతం తెచ్చుకుని ఎమ్మెస్సీ ఇంకో రెండేళ్లు, మొత్తం 48 నెలలు. పోస్ట్ బేసిక్‌తోనే రూలు ఇచ్చిన సెలవు అయిపోతుంది. మిగతా సగానికి జీతం లేని సెలవు పెట్టాలి, లేదా ఆశ వదులుకోవాలి. రూలు రాసినప్పుడు నర్సు ఒక్క మెట్టుకి మించి ఎక్కుతుందని ఎవరూ అనుకోలేదు కాబోలు.

కాంట్రాక్టు నర్సులకి ఈ సగం కూడా లేదు. చదవాలంటే రాజీనామా ఒక్కటే దారి. రెగ్యులర్ నియామకాల్లో కాంట్రాక్టు సర్వీసుకి ప్రతి ఆరు నెలలకీ పట్టణంలో 1, పల్లెలో 2, గిరిజన ప్రాంతంలో 2.5 మార్కుల చొప్పున 15కి మించకుండా వెయిటేజీ ఇస్తూ వచ్చారు. పల్లె ఆస్పత్రిలో చేసే కాంట్రాక్టు నర్సు రెండేళ్లు చదువుకి వెళ్తే 8 మార్కులు వదులుకున్నట్టే. తెచ్చుకున్న డిగ్రీకో డిప్లొమాకో ఆ పట్టికలో వేరే గడి లేదు. అంటే చదివినమ్మ వెనకబడుతుంది, చదవనమ్మ ముందుంటుంది. ఇక డయాలసిస్ నడిపే ప్రైవేటు సంస్థ కింద పనిచేసే నర్సు ఏళ్లకేళ్లు ప్రభుత్వాస్పత్రి గోడల మధ్యే చేసినా ఆ సర్వీసు సర్వీసే కాదు.

"డయాలసిస్‌కి పై చదువు దేనికమ్మా, మిషనే చేస్తుంది కదా" అని మాకు చెప్పినవాళ్లున్నారు. మిషన్ ఏం చేస్తుందో, నర్సు ఏం చేయాలో కొంచెం ఓపిగ్గా చదవండి.

50 కిలోల డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) ఉన్న రోగి వారానికి రెండుసార్లే వస్తాడు. వచ్చేసరికి 4 కిలోల నీరు పడుతుంది. నాలుగు గంటల్లో నాలుగు లీటర్లు తీసేయమని మిషన్‌కి చెప్తే అది తీసేస్తుంది, అడ్డు చెప్పదు. కానీ కిలోకి గంటకి 13 మిల్లీలీటర్లు దాటకూడదన్నది గుండెకి పెట్టుకున్న హద్దు. ఈ మనిషికి గంటకి 650, నాలుగు గంటల్లో 2.6 లీటర్లు. మొత్తం తీయాలంటే ఆరు గంటలకి పైనే పడుతుంది, లేదా ఇంకో రోజు రప్పించాలి. ఆ లెక్క వేసి డాక్టరు గారికి ఫోన్ చేయాల్సింది నర్సు. చేయకపోతే మూడో గంటలో బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. అప్పుడు వెంటనే యూఎఫ్ (నీరు తీయడం) ఆపి, తల కిందికి దించి, 100 నుంచి 200 మిల్లీలీటర్ల సెలైన్ ఇవ్వాలి.

ఫిస్టులా సంగతి మరొకటి. డయాలసిస్ సూదులు వేయడానికి చేతిలో ధమనినీ సిరనీ ఆపరేషన్‌తో కలిపిన చోటు అది. కొత్త ఫిస్టులాకి మొదట 17 గేజి సన్న సూదే వేయాలి, పంపు వేగం తక్కువ పెట్టాలి, నరం గట్టిపడ్డాక ఇంకా లావైన 16కీ 15కీ వెళ్లాలి. రెండు సూదుల మొనల మధ్య కనీసం 5 సెంటీమీటర్ల ఎడం లేకపోతే శుభ్రమైన రక్తమే మళ్లీ మిషన్‌లోకి వస్తుంది. నాలుగు గంటలు పడుకున్నా రోగికి ఒరిగేది తక్కువ. రోగికి నొప్పి తక్కువని ప్రతిసారీ ఒకే చోట గుచ్చితే నరం బుడగలా ఉబ్బుతుంది. ఒక్కసారి సూది నరం దాటి రక్తం చేతిలోకి కారిందంటే ఆ ఫిస్టులా వారాల పాటు పనికిరాకపోవచ్చు. అప్పుడు మెడలో క్యాథెటర్ గొట్టం, దాని వెంట చలిజ్వరం, ఇన్ఫెక్షను, విశాఖకి రిఫరల్. సోంపేట నుంచి విశాఖ 200 కిలోమీటర్లకు పైనే, కూలి చేసుకునే ఇంటికి ఆ ఒక్క ప్రయాణం ఎంతవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

నీళ్లు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకి 120 లీటర్ల ఆర్వో నీరు ఒక్కో రోగి రక్తం పక్క నుంచి పారుతుంది. క్లోరిన్‌ని పట్టేసే కార్బన్ ఫిల్టరు తర్వాత నీటిలో క్లోరిన్ లీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటిందా లేదా ప్రతి షిఫ్టు ముందూ చూడాలి. దాటితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. 2018లో తిత్లీ తుఫాను మన తీరాన్నే కొట్టింది. అలాంటి తుఫాను వెళ్లాక ట్యాంకుల్లో బ్లీచింగు ఎక్కువ పడుతుంది, మామూలు రోజుల్లో నెలల తరబడి వచ్చే కార్బను ఎప్పుడు చేతులెత్తేస్తుందో చెప్పలేం. టెక్నీషియన్ సెలవులో ఉంటే ఆ పరీక్ష నర్సుదే. ఇది ఎవరు నేర్పారు మాకు? ముందున్న సిస్టర్. ఆమెకి? అంతకుముందు సిస్టర్. ఆమె బదిలీ అయి లేబర్ రూముకి వెళ్లిపోతే ఆ చదువూ ఆమెతోనే వెళ్లిపోతుంది. కొత్తగా వచ్చినమ్మ మళ్లీ మొదటి సూది దగ్గర మొదలుపెడుతుంది, ఎవరి చేతి మీద నేర్చుకుంటుందో మీరే ఊహించండి.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాల్లో రీనల్ నర్సింగ్ ఉంది. రిజిస్ట్రేషన్ ఉండి ఏడాది అనుభవం ఉన్న నర్సు చేరొచ్చు. దేశంలో కిడ్నీ జబ్బు అనగానే ఉద్దానం పేరు చెబుతారు, పరిశోధన అంటే ఇక్కడికే వస్తారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రితో కిడ్నీ రీసెర్చ్ సెంటర్ తెరిచారు. రోగులు ఇక్కడ, మిషన్లు ఇక్కడ, ఆస్పత్రి ఇక్కడ. ఆ డిప్లొమా మాత్రం మాకు ఇక్కడ దొరకదు. జర్మనీ వెళ్లే నర్సులకి జర్మన్ భాష నేర్పిస్తామంటున్నారు, సంతోషం. కవిటిలో ఉండిపోయే నర్సుకి ఫిస్టులా నేర్పించడం అంతకన్నా ఖర్చా?

చదివొచ్చినవాళ్ల కష్టం ఇంకోరకం. కొత్త అర్హతని రాష్ట్ర కౌన్సిల్లో అడిషనల్ క్వాలిఫికేషన్‌గా నమోదు చేయించుకోకపోతే అది గోడకి తగిలించుకునే కాగితమే. నమోదుకి వెళ్తే టెన్త్ సర్టిఫికెట్లో పుట్టింటి పేరు, ఆధార్లో అత్తింటి పేరు. నర్సుల పేర్లుండే లైవ్ రిజిస్టరు ఆన్‌లైన్‌లో ఆధార్‌తో ముడిపడింది కాబట్టి అక్కడ సరిపోలదు. ముందు ఆధార్ సరిచేసుకోవాలో, ముందు కౌన్సిల్లోనో స్పష్టంగా చెప్పేవాళ్లు లేరు. (మా సలహా: టెన్త్‌లో ఉన్న పేరుకే ఆధార్ మార్పించుకుని అప్పుడు వెళ్లండి, తిరుగుడు తగ్గుతుంది.) ఐదేళ్లకోసారి రెన్యువల్‌కి 150 గంటల నిరంతర విద్య చూపించాలి, ఏడాదికి 30. గుర్తింపు ఉన్న శిక్షణలు ఎక్కువగా విశాఖ, విజయవాడల్లో. దానికి వెళ్లాలన్నా క్యాజువల్ లీవే పెట్టాలి, మళ్లీ అదే ప్రశ్న, బదులెవరు?

మా కోరికలు ఎక్కువేం కావు. లీవ్ రిజర్వ్ పోస్టులు మంజూరు చేయండి. రిలీవ్ చేయాల్సిన తేదీ, బదులు ఇవ్వాల్సిన అధికారి హోదా ఉత్తర్వులోనే రాయించండి. సీటొచ్చిన నర్సుని ఆఖరి తేదీలోగా వదలండి. కాంట్రాక్టు వాళ్లకి చదువుకున్న కాలాన్ని సర్వీసు విరామంగా చూడకండి. డయాలసిస్ నేర్చుకున్న నర్సుని కనీసం కొన్నేళ్లయినా అక్కడే ఉంచండి. లీవ్ రిజర్వ్ పోస్టులు మంజూరు చేయండి, ఇది ముందే రాశాం, కావాలనే మళ్లీ రాస్తున్నాం.

పలాసలో రీనల్ నర్సింగ్ డిప్లొమా పెట్టించండి. పది మందితో మొదలుపెట్టినా చాలు. ఐదుగురికొకరు చొప్పున ఇద్దరు ఎమ్మెస్సీ బోధకులు కావాలి, నెఫ్రాలజీ పోస్టింగుకి విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి)తో ఒప్పందం కావాలి, కౌన్సిల్ తనిఖీకి దరఖాస్తు కావాలి. తరగతి గది లేదన్న కారణంతో ఫైలు వెనక్కి పంపకండి సార్, మా డ్యూటీ రూము ఖాళీ చేసి ఇస్తాం.

ఇట్లు,
ఉద్దానం డయాలసిస్ యూనిట్ల స్టాఫ్ నర్సులు,
శ్రీకాకుళం జిల్లా.