పచ్చని వెలుగంతా పెరాక్సైడ్ కాదు

సంపాదకులకు,

అయ్యా,

ఫలానా ఆకు రసమో, గింజల సారమో జీవకణాల్లో ఫ్రీ రాడికల్స్‌ను (కణాలకు హాని చేసే, చురుగ్గా చర్య జరిపే అణువులను) బాగా తగ్గించిందని విజ్ఞాన పేజీల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. పక్కనే నల్లని నేపథ్యంలో ఆకుపచ్చగా మెరిసే కణాల ఫొటో ఉంటుంది. ఆ పచ్చదనం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం వార్తలో ఉండదు. కొన్నేళ్లు ఆ రంగులతోనే పనిచేసినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇలాంటి ప్రయోగాల్లో విరివిగా వాడేది డీసీఎఫ్‌డీఏ అనే ప్రోబ్, అంటే కణంలోని ఒక పదార్థాన్ని వెలుగు ద్వారా పసిగట్టడానికి వాడే రసాయనం. దానికి స్వతహాగా వెలుగు లేదు. కణంలోకి చేరాక అక్కడి ఎస్టరేజ్ ఎంజైములు దాని రెండు ఎసిటేట్ ముక్కలను తొలగిస్తాయి. మిగిలిన పదార్థం ఆక్సీకరణం చెందితే, నీలి కాంతి పడినప్పుడు ఆకుపచ్చగా వెలుగుతుంది. దీన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పట్టి చూపే ప్రోబ్ అనడం అలవాటైపోయింది గానీ, ఒక్క పెరాక్సైడ్‌తోనే అయితే ఇది దాదాపు చర్య జరపదు. మధ్యలో ఇనుమో, పెరాక్సిడేజ్ ఎంజైమో, చనిపోతున్న కణంలో మైటోకాండ్రియా నుంచి బయటపడే సైటోక్రోమ్-సీ అనే ప్రోటీనో ఉండాలి. కాబట్టి ఇనుమును పట్టి ఉంచే గుణమున్న ఆకు రసం పెరాక్సైడ్ జోలికి పోకుండానే వెలుగును తగ్గించగలదు. పైగా ఈ ప్రోబ్ ఆక్సీకరణం చెందే క్రమంలో తానే ఒక రాడికల్‌గా మారి, ఆక్సిజన్‌తో చర్య జరిపి సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్‌ను, దాని ద్వారా మరింత పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. కొలవడానికి వెళ్లి, కొలవాల్సినదాన్నే పెంచి వస్తుందన్నమాట.

వెలుతురు పడినా ఇది ఆక్సీకరణం చెందుతుంది. ఒకసారి, ఎసిటేట్లు తీసేసి సిద్ధం చేసుకున్న ఈ ప్రోబ్ ద్రావణానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టడం మరచి, ట్యూబ్‌లైటు కింద వదిలేసి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే, ఒక్క కణం కూడా కలపని ఆ గొట్టం, ఇలాంటి వెలుగును కొలిచే ఫ్లోరిమీటర్‌లో చక్కగా వెలుగుతోంది. ఇక పసుపు కొమ్ముల సారాన్ని పరీక్షిస్తే సంగతి వేరు: అందులోని కర్క్యుమిన్ అనే పదార్థానికి, కాంతి పడితే తిరిగి వెలుగునిచ్చే గుణం (ఫ్లోరోసెన్స్) సొంతంగానే ఉంది.

ప్రోబ్‌లన్నీ ఇంతేనని కాదు. 1985లో శాస్త్రవేత్త రోజర్ చెన్ బృందం వెలువరించిన ఫ్యూరా-2 కాల్షియంను పట్టుకుంటే 340 నానోమీటర్ల కాంతికి, పట్టుకోకపోతే 380 నానోమీటర్ల కాంతికి ఎక్కువగా వెలుగుతుంది. 510 నానోమీటర్ల దగ్గర కొలిచిన ఆ రెండు వెలుగుల నిష్పత్తి తీసుకుంటే, ప్రోబ్ ఎంత చేరింది, కణం ఎంత మందం అన్న తేడాలు చాలావరకు కొట్టుకుపోతాయి. కణం బయట ఒక మిల్లీమోలార్‌కు పైగా ఉండే కాల్షియం, లోపల మామూలు స్థితిలో 100 నానోమోలార్ దరిదాపుల్లోనే, అంటే దాదాపు పదివేల వంతులో ఒక వంతే, ఉంటుందని అంకెల్లో చెప్పగలగడం ఇలాంటి ప్రోబ్‌ల చలవే. కాల్షియం తగ్గితే ఫ్యూరా దాన్ని వదిలేస్తుంది కూడా. డీసీఎఫ్‌డీఏకు అలాంటి నిష్పత్తీ లేదు, ఒకసారి వెలిగాక వెనక్కి పోవడమూ లేదు. 2022లో నేచర్ మెటబాలిజం పత్రికలో ఈ రంగపు శాస్త్రవేత్తలు ఉమ్మడిగా ప్రచురించిన మార్గదర్శకాలు కూడా ఈ ప్రోబ్ విషయంలో హెచ్చరించాయి.

అందుచేత ఇలాంటి వార్త రాసే విలేకరులు పరిశోధకులను ఏ ప్రోబ్ వాడారో అడగాలి. కణాలు లేకుండా రసాన్నీ ప్రోబ్‌నూ మాత్రమే కలిపి చూశారా, పెరాక్సైడ్‌ను విడగొట్టే క్యాటలేజ్‌ను కణంలో పెంచినప్పుడు వెలుగు తగ్గిందా అన్నదీ అడిగితే మంచిది. జవాబు రాకపోతే ‘ఫ్రీ రాడికల్స్ తగ్గాయి’ అని కాక, ‘ప్రోబ్ వెలుగు తగ్గింది’ అనే ప్రచురించవలసిందిగా మనవి.

భవదీయుడు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, హైదరాబాద్