కౌంటీ పేరొక్కటే చాలదు

సంపాదకులకు,

అయ్యా,

మోటర్‌హోమ్‌లో (పడక, వంట సౌకర్యాలున్న బండిలో) ఐర్లండ్ పల్లెలు తిరుగుతూ తాతముత్తాతల ఇళ్లను వెతుక్కునేవారి గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే 1922లో రికార్డులన్నీ కాలిపోయాయి గనుక ఇక అంతా అదృష్టమేనని రచయిత తేల్చేయడం సరికాదు. చాలాకాలంగా గాల్వేలో ఉంటున్న నేను ఇటీవల ఒక ఐరిష్ మిత్రుడి కుటుంబంతో కలిసి మేయో, రాస్‌కామన్ కౌంటీలలో (మన జిల్లాల వంటివి) అటువంటి ప్రయాణమే చేసి వచ్చాను.

అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, 1922 జూన్ 30న, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలో ఉన్న ప్రభుత్వ రికార్డుల కార్యాలయం తగలబడి, 1821 నుంచి 1851 వరకు జరిగిన జనాభా లెక్కల పత్రాలలో అధికభాగం బూడిదైన మాట నిజమే. కానీ 1861, 1871 నాటి పత్రాలను అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891 నాటివి మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాగితపు గుజ్జుగా మారిపోయాయి. నిప్పుకు అంటగట్టిన తప్పులో పెద్ద వాటా కార్యాలయాలదే. 1901, 1911 లెక్కలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. అన్నిటికంటే అక్కరకు వచ్చేది 1847–1864 మధ్య రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో జరిగిన ఆస్తి మదింపు: ఏ ఇల్లు, ఏ భూమి ఎవరి అనుభవంలో ఉందో, ఎవరి దగ్గర కౌలుకు తీసుకున్నారో, పటంలో దాని సంఖ్య ఎంతో అందులో కనిపిస్తుంది. భార్యాపిల్లల పేర్లు ఉండవు. 1845లో మొదలైన మహాకరువులో చనిపోయినవారూ, ఓడలెక్కి వెళ్లిపోయినవారూ అందులో దొరకరు.

ఆ మదింపులో వెతకాలంటే కౌంటీ పేరు సరిపోదు, టౌన్‌ల్యాండ్ పేరు తెలిసి ఉండాలి. కొన్ని పొలాలు, నాలుగైదు గడపలు కలిసిన ఈ చిన్న శివార్లు ఐర్లండ్‌లో 60,000కు పైగా ఉన్నాయి, ఒకే పేరు వేర్వేరు కౌంటీలలో మళ్లీ మళ్లీ వస్తుంది. మా మిత్రుడి ఇంట్లో దాచుకున్న పాత ఉత్తరంలోని ఊరి పేరు ఏ పటంలోనూ కనిపించలేదు. మేయోలో ఒక గొర్రెల రైతుకు దాన్ని బిగ్గరగా చదివి వినిపించగానే ఆయన గుర్తుపట్టాడు. ఉత్తరం రాసినామె ఐరిష్ భాషలోని పేరును చెవికి వినిపించినట్టే ఇంగ్లిష్ అక్షరాలలో పెట్టింది. పటాలు గీసిన సర్వే అధికారులు అదే పేరును మరో రకంగా రాసుకున్నారు.

ఇక మోటర్‌హోమ్ విషయం. అది రాత్రి పడకకు హాయి, చివరి మైలుకు మాత్రం గుదిబండ. బోరీన్ అని పిలిచే ఆ పల్లెబాటలకు రెండువైపులా రాతి గోడలు, నడుమ గడ్డి చార ఉంటాయి. గ్రామీణ స్థానిక రోడ్లపై గరిష్ఠ వేగాన్ని 2025 ఫిబ్రవరిలో గంటకు 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గించారు గానీ, మా ఏడు మీటర్ల బండికి ముప్పై కూడా ఎక్కువే అయింది. ఎదురుగా ట్రాక్టరు వస్తే అర కిలోమీటరు వెనక్కి నడపవలసి వచ్చింది. మరో కౌంటీ కెర్రీలోని కానర్ పాస్ అనే కొండదారి మీదికైతే రెండు టన్నులు దాటిన వాహనాలను అసలే అనుమతించరు. బాటలు అంత ఇరుకు గనుక మేము అడిగి, చర్చి ముందు బండి నిలిపి, నడిచి వెళ్లాం.

వ్యాసంలో లేని మరొక సంగతి: ఐర్లండ్‌లో ఎవరి పొలంలోనైనా స్వేచ్ఛగా తిరిగే హక్కు లేదు, శిథిలమైన ఇల్లు కూడా ఎవరో ఒకరి ఆస్తే. మేము వెతికిన ఇల్లు ఇప్పుడు ఆ రైతు గొర్రెల కొట్టం. కప్పు లేదు, పొయ్యిగూడు మాత్రం నిలిచి ఉంది. ముందుగా అడిగినందుకు ఆయన సంతోషించి, గొర్రెలను బయటికి తోలి, మా మిత్రుడి తల్లిని ఆ పొయ్యి దగ్గరికి చేయి పట్టుకుని తీసుకువెళ్లాడు.

ఇట్లు,
గాల్వే నుంచి ఒక పాఠకుడు